దీపం ఆగని నాలుగు నెలలు

నెల్లిమర్ల

చెల్లి చిన్నతల్లికి అక్క రాసేది. అమ్మవారి దయవల్ల ఇక్కడ బాగున్నాం. ఫోనులో అయితే పక్కవాళ్ళు వింటారని ఉత్తరం రాస్తున్నాను.

చదువుకని నా దగ్గరుంటున్న నీ కూతురు అరుణశ్రీ నాలుగు నెలలు ఒక్కరోజూ మానకుండా దేవుడి దగ్గర దీపం పెట్టింది. దాని భక్తికి మురిసిపోయి నీకూ చెప్పాను. నెలసరి రాకపోవడం వల్లే దీపం ఆగలేదని నాకు తట్టలేదు. ఆ తప్పు నాది.

డాక్టరమ్మ పీసీఓఎస్ అని మాత్రలు రాసింది. హార్మోన్లు అదుపు తప్పాయట. ఒంట్లో పైకి కనిపించని వాపు కూడా ఉందట. ఒళ్ళు రావడం, గడ్డం మీద వెంట్రుకలు అన్నీ అందువల్లేనట.

ఈ సంగతి చెబితే మొన్న ఫోనులో ఏమన్నావు? "దానికన్నం తగ్గించీ అక్కా. ఇలాగుంటే ఎవుడు సేసుకుంటాడు? ఆ మాత్రలూ మానిపించీ" అన్నావు. పక్కనే ఉన్న పిల్ల విన్నది. రెండు రోజులు సరిగా తినలేదు. "ఏటి పెద్దమ్మా, నాను తిండిబోతునా?" అని అడిగింది.

మాత్రలు నేను మానిపించను. నువ్వూ దానితో ఆ మాట అనకు. సంబంధాల ఊసు కొన్నాళ్ళు పక్కన పెట్టు. పొద్దున్నే ఇద్దరం మిల్లు గేటు దాకా నడుస్తున్నాం.

నిన్న అది గుమ్మం దగ్గరే ఆగిపోయి, "పెద్దమ్మా, ఈయేళ దీపం నువ్వెట్టు" అంది. అంటే జబ్బు పోయిందని కాదు, మందు పనిచేస్తోందని.

నేనే వెలిగించాను. ఒక వత్తి ఎక్కువ వేశాను.

మీ అక్క