బోర్డు మీద ఆరేసిన వల

మొగల్తూరు, 1889

మేజిస్ట్రేటుగారి సముఖానికి బడిపంతులు నమస్కరించి మనవి చేసుకునేది.

ఎల్లుండి తమ కోర్టుకు రావలసిన పదమూడేళ్ల లోవరాజు నా శిష్యుడు. కాలవ లాకు దగ్గర చేపలు పట్టరాదన్న సర్కారు బోర్డు చదివి కూడా వల వేశాడని వాడి మీద కేసు. చదవగలడనడానికి సాక్ష్యం, మూడో తరగతి ప్యాసయ్యాడని నేనిచ్చిన సర్టిఫికెట్టు. అందుకే బెత్తం దెబ్బలు వేయాలంటున్నారు.

అయ్యా, చేపలు పట్టాక వాడు తడి వలను ఆ బోర్డు మీదే ఆరేశాడు. చదువొచ్చినవాడు చేసే పనేనా అది?

వాడు సోమరి కాడు, మొద్దూ కాడు. వాడు అల్లిన వలకు పెద్దలు కూడా వంక పెట్టలేరు. అయిదేళ్లలో రెండు బెత్తాలు వాడి మీద విరగ్గొట్టాను, ఒక్క అక్షరం రాలేదు. "అచ్చరాలు చేపపిల్లల్లా జారిపోతన్నాయండీ పంతులుగారూ" అనేవాడు. నేను నమ్మలేదు.

పరీక్షకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు దొరగారొచ్చిన రోజున మాత్రం పాఠమంతా గడగడా అప్పజెప్పాడు. తోటిపిల్లలు చదవగా విని కంఠతా పట్టేశాడు. చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది. దొరగారికి తెలుగక్షరాలు రావు. నాకు వచ్చు. అయినా నోరు మూసుకుని ఆ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాను.

ఈ ఉత్తరం అంటించకుండా లోవరాజు చేతికే ఇచ్చి పంపుతున్నాను. తమరు చదివాక తిరిగి వాడికిచ్చి, ఇందులో ఏముందో చదవమనండి. చదివాడా, నా ఉద్యోగం దక్కుతుంది. చదవలేకపోయాడా, వాడి వీపు దక్కుతుంది.

వాడు చదవలేడండి.