జున్నుపాలు పంపలేదు

వరహాలమ్మ వదినకు,

ఫోన్‌ చేస్తే మా కోడలు శ్రీసత్య వింటుందని ఉత్తరం రాస్తున్నాను. గేదె ఈనింది. ఎప్పుడు ఈనినా తొలి జున్నుపాలు కంచరపాలెంలో మీ ఇంటికే వస్తాయి. ఈసారి పంపలేదు, కోపం తెచ్చుకోకండి. పక్కింటావిడకూ ఇవ్వలేదు, గుమ్మంలోనే అడిగేసింది, "ఏటమ్మా, ఈపాలి సెంబుడు జున్నుపాలకి కూడా సెయ్యి రాలేదా?" అని.

మా గడ్డిచేను పక్కన ఎవరో రాగి కోసం పాత వైర్లు కాలుస్తున్నారు. ఆ మసి గడ్డి మీద పడి గేదె కడుపులోకి పోయింది. అది చూడితో ఉండగానే పశువుల డాక్టరు పాలు పరీక్షకు పంపితే విషం ఉందని తేలింది. ఇప్పుడు వేరే ఊరి గడ్డి కొని వేస్తున్నాం. రెండు పూటలా పాలు పిండి గోతిలో పోస్తున్నాం. దూడకు వేరే ఇంటి పాలు పడుతున్నాం. అది తల్లి కోసం అరుస్తూనే ఉంది.

"పిండడమెందుకు, వట్టిపోనిద్దాం" అన్నారు మీ తమ్ముడు.

"ఆ విషం కొవ్వులో ఉండిపోద్దండి, ఏళ్లయినా వదల్దు. బయటికొచ్చే దారి పాలే" అన్నాడు డాక్టరు.

ఆ మాట శ్రీసత్యకు చెప్పలేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ, ఇదేమీ తెలియక, ఆ గేదె పాలే పూటకో గ్లాసు దగ్గర కూర్చుని తాగించాను. ఇప్పుడు తను బిడ్డకు పాలిస్తోంది.

మీరు నర్సు కదా, మీ ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగి, ఏం చేయాలో మీరే వచ్చి చెప్పండి. దూడనంటే తల్లి దగ్గరికి పోకుండా గుంజకు కట్టేశాం, వదినా.

మీ మరదలు