అవ్వ చివరి చరణం

అమ్మకు శ్యాంసుందర్ వందనాలు.

ఆళ్లగడ్డలో అవ్వ, నేను క్షేమమని మొదట రాయాలి. తిండి వరకు క్షేమమే. కువైట్‌లో నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెబుదామంటే అవ్వ పక్కనే ఉంటుంది. అందుకే నీ దగ్గరికి వస్తున్న నరసమ్మత్త చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు అడిగినవి చెబుతాను. నంద్యాల ఆసుపత్రిలో కుట్లు తీశారు. గొంతుకు పెట్టిన రంధ్రంలోంచి అవ్వ ఊపిరి పీలుస్తోంది. మాట ఇక రాదు. ఆపరేషన్‌కు ముందే చెప్పారు కదా. నేను శిల్పాల షెడ్డులో రాళ్లు కోసే మిషన్ మీదే ఉన్నాను.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం అవ్వ పాడిన పాట పంపమని పోయిన ఉత్తరంలో కూడా రాశావు. రికార్డు చేసిన ఫోన్ రిపేరులో ఉందన్నాను. అబద్ధం. పాట ఉంది. అందులో అవ్వ లేదు.

మన చర్చిలో చివరి చరణం అవ్వ ఒక్కతే పాడాలి, వాయించేవాళ్లు ఆపాలి. నువ్వు డోలక్ మీద అరచేయి ఆనించి, ఆమె ముగించేదాకా తల కూడా ఎత్తేదానివి కావు. నేను ఫోన్‌లో చూసి, డోలక్‌కు బదులు రిథమ్ ప్యాడ్ వాయించడం నేర్చుకున్నవాణ్ని. అయినా అక్కడ ఆగాలని తెలుసు.

ఆగాను కూడా. అవ్వ గొంతు జీరపోయి పదం మధ్యలో తెగింది. మళ్లీ అందుకోబోతోంది. అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గేసిందమ్మా. ఆ గొంతు ఎవరికీ వినపడకూడదని ప్యాడ్ మీద పడ్డాను. చరణం అయిపోయేదాకా బాదాను.

బయట యేసురత్నం మామ వీపు చరిచాడు. "అదరగొట్టినావప్పా! చర్చి కప్పు లేసిపోతాదనుకున్యా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పళ్లు రాలగొట్టుకోవాలి నేను.

ఆటోలో అవ్వ అడిగింది. "ఏందిరా ఆ తొందర? రోంత ఆగింటే అందుకునింటా గదా."

"నీకు కష్టమైతాందని కొట్టినా అవ్వా."

"కష్టం నాది గదరా. నీకేంది?"

ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో. అంతా నా మోతే. నువ్వు ఇక ఎప్పటికీ వినలేని గొంతును నేనే తొక్కేశాను. నన్ను తిట్టు. తిట్టకపోతే ఇంకా చచ్చిపోతాను.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "అవ్వ నిన్ను అడిగింది" అంటూ ఆమె వంతు కూడా నేనే వాగుతున్నాను. ఈ ఆదివారం వాగను. ఫోన్ అవ్వ చేతికిచ్చి బయటికి పోతాను. ఏమీ వినపడదు. అయినా ఫోన్ పెట్టేయొద్దు.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని కొడుకు,
శ్యాంసుందర్