ఎమరీ స్టాల్నేకర్ అద్దెకున్న మనిషి కాదు

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, మేడ్లీ కౌంటీ, లారెల్ ఫోర్క్ వాగు ఒడ్డున కాపురముంటున్న వెస్టా కాంట్రెల్ అనే నేను, కీర్తిశేషులు డెల్మర్ కాంట్రెల్ భార్యను, ఎనభై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. మోకాళ్లు పోయాయి, ఎడమ చెవి పోయింది, బుర్ర మాత్రం పోలేదు. నాకు చదువు రాదు. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి చిన్నప్పుడే బడి మాన్పించారు. అందుకని నేను చెబుతుంటే పక్కింటి ఓపల్ డ్రెనన్ రాస్తోంది. కౌంటీ ఆఫీసులో దస్తావేజులు రాసి రిటైరైన మనిషి. భాష సాఫు చేస్తానంది, వద్దన్నాను.

1. ఇంతకు ముందు నేను రాయించిన వీలునామా రద్దు. అందులో సర్వం నా కూతురు నోరీన్‌కూ కొడుకు డారెల్‌కూ చెరిసగం అని ఉంది. ఎమరీ స్టాల్నేకర్ పేరు లేదు. దాన్ని ఇక ఎవరూ ఏ కోర్టులోనూ చూపించరాదు.

2. నా ఇల్లు, వాకిలి, బావి, కొట్టం, వాటి హద్దుల్లో ఉన్నదంతా సదరు ఎమరీ స్టాల్నేకర్ యావజ్జీవం అనుభవించాలి. అతన్ని ఖాళీ చెయ్యమనే హక్కు నా పిల్లలకు గానీ, వాళ్ల పార్టీలకు గానీ లేదు. అతని తదనంతరం ఇల్లు పిల్లలిద్దరిదీ.

ఎందుకో చెబుతాను. డెల్మర్ గనిలో దిగి బొగ్గు దుమ్ము మింగాడు. చివరి రెండు శీతాకాలాలూ కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. అతను పోయాక ఆ జబ్బు కింద నాకు వితంతు భత్యం వస్తోంది, యూనియన్ వాళ్ల మందుల కార్డు ఉంది. అది ఎవరో జాలిపడి పెట్టిన ముష్టి కాదు. డెల్మర్ దగ్గి దగ్గి సంపాదించి పెట్టిపోయింది.

కొన్నేళ్లకు ఎమరీ వచ్చాడు. బడి బస్సు నడిపేవాడు, భార్య పోయింది. నా బావి పంపు బాగుచేయడానికి వచ్చి, ఆ సాయంత్రం చిక్కుళ్లు తుంచిపెట్టాడు. మర్నాడు పంపు బాగానే ఉన్నా వచ్చాడు. పెళ్లి చేసుకుందామనుకున్నాం. భత్యం ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి పిల్ల మంచిగానే చెప్పింది: “పెద్దమ్మా, పెళ్లి చేసుకున్న నెల నుంచే చెక్కు ఆగిపోతుంది. మందుల కార్డు కూడా పోతుంది. ఊరికే కలిసి ఉంటే మాకేం అభ్యంతరం లేదు.” ఆ చివరి ముక్క మా పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పమన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. నా గుండె మందులు ఆ కార్డు మీదే వస్తాయి. అలా పెళ్లి లేకుండానే ఈ ఇంట్లో కలిసి ఉండిపోయాం.

3. నా పెద్ద ఇనుప పెనం నోరీన్‌కు. సబ్బు పెట్టి తోమవద్దు.

4. జంట పెళ్లి ఉంగరాల నమూనాతో కుట్టిన బొంత మనవరాలు లేసీకి. పెళ్లికూతురికే ఇవ్వాలని కుట్టాను. ఇప్పుడంటున్నాను, పెళ్లయినా కాకపోయినా ఇచ్చెయ్యండి. చలికి ఆ తేడా తెలియదు.

5. పై పచ్చిక భూమి డారెల్‌కు. ఊరికే కాదు. షరతు తొమ్మిదో అంశంలో ఉంది. ముందే తిప్పి చూడకు, వరసగా చదువు.

6. నా పిల్లల గురించి. డారెల్‌ది ఏనుగు గుర్తు రిపబ్లికన్ పార్టీ, నోరీన్‌ది గాడిద గుర్తు డెమోక్రాట్ పార్టీ. కృతజ్ఞతల పండుగకు టర్కీ కోసేలోపే మొదలుపెడతారు. “పుట్టబోయే ప్రతి బిడ్డ నెత్తి మీదా దేశం అప్పు ఉందక్కా! ఇలా అందరికీ పంచుకుంటూ పోతే తీర్చేదెవరు?” అని వాడు. “ఆ అప్పు మందులు కొనుక్కునే ముసలాళ్లు చేశారట్రా? శ్రీమంతులకు పన్నులు మాఫీ చేసినప్పుడు నీ నోరు ఎక్కడికి పోయింది?” అని అది. పక్కన గ్రేవీ గడ్డకట్టిపోతుంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. నా చెక్కు ఆకాశం నుంచి ఊడిపడదని నాకు తెలుసు. డెల్మర్ ఊపిరితిత్తులు ఏ లెక్కలోకీ రాలేదనీ తెలుసు. వినీ వినీ అలిసిపోయాను. ఇద్దరూ నా పళ్లెం చూపించి మాట్లాడతారు గానీ నా మొహం చూడరు.

7. ఇప్పుడు ఫైర్ హాలు సంగతి. మంటలార్పే బండ్లు పెట్టే ఆ హాల్లోనే మా ఊరి సభలూ భోజనాలూ జరుగుతాయి. డారెల్ వాషింగ్టన్ సభకు నిలబడ్డ ఏడు, ఫైర్ హాల్లో చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టి అభ్యర్థుల చర్చ జరిపారు. నేనూ ఎమరీ ముందు బల్ల దగ్గరే కూర్చున్నాం. డారెల్ అప్పు గురించి బాగానే మాట్లాడాడు. తర్వాత పెళ్లి మీదకు వచ్చాడు. జనం పెళ్లిళ్లు మానేసి ప్రభుత్వాన్ని కట్టుకుంటున్నారట, అందుకే దేశం దివాలా తీస్తోందట. వెనకనుంచి మా ఊరి గార్లాండ్ సైజ్‌మోర్ లేచి, “అది సరేగానీ డారెల్, మీ అమ్మా ఎమరీ పెళ్లి ఎప్పుడు? చొక్కా ఇస్త్రీ చేయించుకోవాలి” అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా కొడుకు మొహం ఎర్రబడింది. మైకులో అన్నాడు: “ఆయన మా అమ్మ దగ్గర గది అద్దెకు తీసుకున్న పెద్దమనిషి. అంతే.”

ఎమరీ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. నేను లేవబోతే మోచెయ్యి పట్టుకుని, “కూర్చో వెస్టా. వాడు ఓట్ల కోసం అన్నాడు, మన మీద కాదు” అన్నాడు. ఓట్లూ రాలేదు.

ఇది విని నోరీన్ ఊరుకుందా? రాజధానికి వెళ్లి, చట్టసభ పెద్దల ముందు నా ఫోటో ఎత్తిపట్టుకుంది. “మా అమ్మను చూడండి, ప్రభుత్వం ఆమెను పెళ్లి చేసుకోనివ్వడం లేదు” అని. నన్ను అడగలేదు. తర్వాత పత్రికవాళ్లు వాకిట్లోకి వస్తే ఎమరీ కొట్టంలోకి పోయి కూర్చున్నాడు. ఒకడు నన్ను దాచాడు, ఒకతె నన్ను ఊరేగించింది. ఇద్దరినీ కన్నది నేనే, ఎవరి మీద కోప్పడను?

8. చక్కెర డబ్బా కింది డబ్బు. ఫైర్ హాలు తర్వాత నెల మొదట్లో డబ్బా కింద నోట్లు కనిపించాయి. ఏమిటివి అంటే “అద్దె” అన్నాడు ఎమరీ, నవ్వుతూ. వేళాకోళం అనుకున్నాను. మరుసటి నెలా పెట్టాడు. అప్పుడు నవ్వలేదు. తిట్టాను, తీసి అతని కోటు జేబులో కుక్కాను. మళ్లీ పెట్టాడు. “మీవాడు అందరి ముందూ అన్నాడు కదా వెస్టా. అది అబద్ధం కాకూడదు” అన్నాడు.

డారెల్, విన్నావా? నీ మాట నిజం చెయ్యడానికి ఆ ముసలాయన తన పింఛనులోంచి పెడుతున్నాడు. నేను ఒక్క నోటూ ఖర్చు పెట్టలేదు. ఆ డబ్బంతా పెట్టి సమాధి రాయి చేయించాలి. ఎలాంటి రాయో కింద చెబుతాను.

9. కొండ మీది మా శ్మశానంలో డెల్మర్ రాయి జంట రాయి. అతను పోయినప్పుడే మావాళ్ల అలవాటు ప్రకారం పక్కన నా పేరు కూడా చెక్కించాను. పుట్టిన ఏడు ఉంది, పోయే ఏడు ఖాళీ. ప్రతి మే నెలా సమాధులకు పూలు పెట్టే రోజున నా పేరుకు నేనే పువ్వు పెట్టుకుంటాను. ఆ రాయి అలాగే ఉండాలి. నన్ను డెల్మర్ పక్కనే పెట్టండి, నా రెండో పక్క చోటు ఎమరీకి వదలండి. ఎమరీ ఒక్కసారీ డెల్మర్ మీద అసూయ పడలేదు. ఆ గడ్డి కోసేది కూడా అతనే.

ఎమరీ రాయి మీద చెక్కవలసింది: “ఎమరీ స్టాల్నేకర్, వెస్టా భర్త.”

ఇది చెల్లదని ఓపల్ కలం ఆపింది. నేను చెప్పినట్టే రాయమ్మా అని మరోసారి చెప్పాను. నేను చచ్చిన రోజే నా చెక్కు ఆగిపోతుంది, కార్డు కూడా. దేశం మీద నా భారం తీరిపోతుంది. నా మూలంగా ఎవరికీ పైసా అప్పు పెరగదు. ఆ క్షణం నుంచి నా పెళ్లికి అభ్యంతరం చెప్పే ఆఫీసు ఎక్కడా ఉండదు. కాబట్టి నా ఊపిరి ఆగిన క్షణం నుంచి సదరు ఎమరీ స్టాల్నేకర్‌ను నేను పెళ్లాడుతున్నాను. అతని సమ్మతి నిన్న చిక్కుళ్లు తుంచేటప్పుడు అడిగాను. “ఇంత ఆలస్యంగానా?” అన్నాడు. కళ్లు తుడుచుకుని, మళ్లీ చిక్కుళ్లు తుంచడం మొదలుపెట్టాడు.

షరతు: నన్ను పూడ్చిన రోజు ఫైర్ హాల్లో భోజనం పెడతారు. డారెల్ అదే మైకు దగ్గర నిలబడి ఈ తొమ్మిదో అంశం గట్టిగా చదవాలి. చదివితే పచ్చిక భూమి వాడిది. చదవకపోతే ఎమరీది. నోరీన్ ఆ రోజు ఫోటోలు తీయరాదు, ఉపన్యాసం ఇవ్వరాదు. తమ్ముడికి మంచినీళ్ల గ్లాసు అందించాలి, వాడికి గొంతు పట్టేస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే.

10. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఓపల్ డ్రెనన్‌ది.

ఓపల్ నాకు ఇదంతా చదివి వినిపించింది. ఎక్కడా మెత్తబరచలేదు. 2019 మే 24, శుక్రవారం, నా వంటింటి బల్ల దగ్గర, ఈ కింద నా చేత్తో గుర్తు పెట్టాను.

X
వెస్టా కాంట్రెల్ గుర్తు

సాక్షులు:
ఓపల్ డ్రెనన్, లారెల్ ఫోర్క్
గార్లాండ్ సైజ్‌మోర్, లారెల్ ఫోర్క్. చొక్కా ఇస్త్రీ చేయించుకునే వచ్చాడు.