పదిహేడో నంబరు అచ్చు మీది వెంట్రుక నాదేనని ఒప్పుకోలు

శ్రీయుత క్రమశిక్షణ విచారణాధికారి గారి సముఖమునకు,
రసాయన పరిశోధన సంస్థ.

అర్జీదారు: పూర్వము చిప్పుల తయారీ టెక్నీషియన్, ప్రస్తుతము సీసాలు కడిగే గది ఉద్యోగిని.

విషయం: నాపై గల నిర్లక్ష్యపు అభియోగమును కొట్టివేయవద్దనియు, నన్ను దోషిగా నిర్ధారించి రికార్డులో ఎక్కించవలసినదనియు కోరుట గురించి.

అయ్యా,

తమ బల్ల మీదికి వచ్చే అర్జీలన్నీ "నేను తప్పు చేయలేదు" అనే వస్తాయి గనుక దీన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవలసి రావచ్చు. నేను తప్పు చేశాను. మూడేళ్ల క్రితం చేశాను. అప్పుడు భయపడి కాదని బొంకాను. మా విభాగాధిపతి గారు నన్ను దయతలచి, సదరు అభియోగం రద్దు చేసి ఫైలు మూసివేయమని తమకు లేఖ రాసినట్లు తెలిసింది. ఆ దయ నాకు అక్కరలేదు. ఎందుకు అక్కరలేదో ఈ క్రింద వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. పదకొండేళ్లు నేను ఈ సంస్థలో చిప్పులు పోశాను. చిప్పు అనగా అరచేతిలో పట్టే రబ్బరు బిళ్ల. దాని కడుపులో అర మిల్లీమీటరు వెడల్పున కాలవలు ఉంటాయి. ముందుగా ఒక నున్నటి పలక మీద కాలవ ఆకారంలో సన్నని గట్టు లేపుతాము. అది అచ్చు. దాని మీద చిక్కటి ద్రవం పోసి, వేడిపెట్టి గట్టిపరిచి, ఒలిచి తీస్తే గట్టు ఉన్నచోట కాలవ పడుతుంది. ఒక్క అచ్చు ఉంటే ఎన్ని చిప్పులైనా పోసుకోవచ్చు. సీసాడు రసాయనం తాగే పరీక్ష ఇందులో నాలుగు చుక్కలతో తేలిపోతుంది. బీకరులో కలిపితే భగ్గుమనే ద్రవాలను కూడా ఇందులో ధైర్యంగా కలపవచ్చు. చుక్కంత ద్రవం ఎంత మండిపడ్డా ఎవరి కనుబొమలూ కాలవు.

2. అయితే చిక్కొకటి ఉంది. అంత సన్నని కాలవలోకి రెండు ద్రవాలను వదిలితే అవి మాటల్లేని తోడికోడళ్లలా పక్కపక్కనే నడుస్తాయి గాని కలవవు. విభాగాధిపతి గారికి కావలసిన పదార్థమేమో పుట్టిన మరుక్షణం విరిగిపోయే రకం. ద్రవాలు రెండూ రెప్పపాటులో కలిస్తే తప్ప అది చేతికి చిక్కదు. నాలుగేళ్లలో నా చేత పదహారు అచ్చులు చేయించారు. దేనితోనూ చిక్కలేదు. పదహారుసార్లూ లోపం నా చేతుల్లోనే ఉందని సెలవిచ్చారు.

3. పదిహేడో అచ్చు చేసిన రోజున నా తలమీది టోపీ ఎలాస్టిక్ వదులుగా ఉంది. కొత్త టోపీల కోసం నేను పెట్టిన ఇండెంటు అప్పటికి రెండు నెలలుగా విభాగాధిపతి గారి బల్ల మీద నిద్రపోతోంది. ఆ టోపీలోంచి గోరంత పొడవు వెంట్రుక కొస తెగి జారి, ఇంకా తడారని గట్టు మీద వంకరటింకరగా పడింది. నేను చూసుకోలేదు. వేడిపెట్టేశాక అది గట్టుకు కరుచుకుపోయింది. దరిమిలా నాకు అందిన, కంఠతా వచ్చేసిన మెమోను యథాతథంగా ఉదహరిస్తున్నాను: "మీ నిర్లక్ష్యము వలన 17వ నంబరు అచ్చుపై వెంట్రుక పడి, అచ్చు పనికిరాకుండా పోయినది. పోయబడిన ప్రతి చిప్పులోను కాలవ కప్పున వంకర గాడి ఏర్పడుచున్నది. ఇది పరిశోధనకు తీరని నష్టము." క్రింద వారి సంతకం, తేదీ, విభాగం ముద్ర ఉన్నాయి.

4. పదిమంది తిరిగే గది కదా, అది ఎవరి వెంట్రుకైనా కావచ్చునని సంజాయిషీ రాసుకున్నాను. అది అబద్ధం. ఆ అబద్ధానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. నమ్మకపోవడంలో వారి తప్పేమీ లేదు. నన్ను సీసాలు కడిగే గదికి మార్చారు. విచారణ జరపకుండా ఫైలును అలాగే వేలాడదీశారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, నడుము దాకా ఉన్న జుట్టును చెవుల దాకా కత్తిరించుకున్నాను. మా చిన్నది నన్ను గుర్తుపట్టక తలుపు వెనక్కి పోయి దాక్కుంది. సదరు విషయం అభియోగ పత్రంలో లేదు గనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను.

5. గత నెల పెద్ద హాల్లో విభాగాధిపతి గారి ఉపన్యాసం జరిగింది. వారి చిప్పుకు పెద్ద బహుమతి వచ్చిన సందర్భమది. నేను మంచినీళ్ల గ్లాసులు సర్దడానికి వెళ్లాను. తెర మీద ఆ చిప్పు కాలవను మనిషి ఎత్తున చూపించారు. దాని కప్పులో ఒక వంకర గాడి ఉంది. ద్రవాలు ఆ గాడి దగ్గరికి రాగానే మెలితిరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఆ గాడి ప్రతి వంపునూ లెక్క కట్టి గీశామని మూడు సమీకరణాలు చూపించారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఫొటో మూలన, అచ్చు మీద నేను సూదితో గీకిన 17 అనే అంకె కనిపిస్తోంది. చెడిపోయిందని పారేయించిన అచ్చునే మళ్లీ తీయించి వాడుకున్నారన్న మాట. గాడి చివర రెండు పాయలుగా చీలి ఉంది. నా జుట్టు చివర్లు చిట్లుతాయని మా అమ్మ చిన్నప్పటి నుంచీ సణిగేది. అయ్యా, కన్నబిడ్డను గుర్తుపట్టినట్టు నా వెంట్రుకను నేను గుర్తుపట్టాను.

6. ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను గ్లాసుల పళ్లెం పట్టుకునే అడిగాను.

"ఆ గాడి చివర రెండుగా చీలింది కదండీ, అది దేనికండీ?"

"మంచి ప్రశ్నమ్మా. ప్రవాహాన్ని రెండు సమాన భాగాలు చేయడానికి. మొత్తం డిజైనులో కష్టమైన లెక్క అదే."

పొట్టి జుట్టులో నన్ను ఆనవాలు పట్టలేదు. జవాబంతా చెప్పాక పట్టారు. చేతిలోని లేజరు దీపం చుక్క తెర మీంచి జారి గోడ మీదికి, గోడ మీంచి నేల మీదికి పోయింది. ఆ తర్వాత వారం తిరక్కుండా నన్ను క్షమించమనే లేఖ తమకు చేరింది. మూడేళ్లు గుర్తుకురాని నా నిర్దోషిత్వం ఒక్క వారంలో ఎలా గుర్తుకొచ్చిందో తమరే ఆలోచించండి. రద్దయిన అభియోగాల కాగితాలను నెలలోపు చించివేయాలని మన నియమావళిలో ఉంది. నాకు అందిన ప్రతిని సంజాయిషీకి జతచేసి ఇచ్చేశాను గనుక, ఫైలులోని ఆ మెమో చిరిగితే వెంట్రుక నాదనడానికి ఈ లోకంలో వేరే సాక్ష్యం లేదు. అడుసు తొక్కింది వారు, కాళ్లు కడుగుతున్నది నేను. ఇంకా ఎంతకాలం కడగాలి?

7. కావున నా కోరికలు:

(అ) ఆ వెంట్రుక నాదే. గాడి నా నిర్లక్ష్యం వల్లనే పడింది. ఏ లెక్క వల్లా పడలేదు. ఈ మేరకు నన్ను దోషిగా ప్రకటించాలి. ఏ శిక్ష వేసినా మారు మాట్లాడను.

(ఆ) అచ్చును తెప్పించి సూక్ష్మదర్శిని కింద పెట్టించాలి. వెంట్రుక ఇప్పటికీ గట్టుకు అతుక్కునే ఉంది. అది లేకపోతే గాడి లేదు, గాడి లేకపోతే బహుమతి లేదు. ఊడదీశారా, ఇక చిప్పు పుట్టదు. ఉంచారా, అందులో నేను కూర్చుని ఉన్నాను. మింగలేక కక్కలేక వారు పడే అవస్థను ఎదురుగా నిలబడి చూసే అవకాశం నాకు ఇప్పించాలి.

(ఇ) వారి లెక్కలు నిజమైతే, కొత్త పలక మీద పద్దెనిమిదో అచ్చును వారి చేతులతో వారినే చేసి చూపమనాలి. టోపీ నేను సమకూరుస్తాను. ఎలాస్టిక్ గట్టిగా ఉన్నదే ఇస్తాను.

(ఈ) బహుమతి సభలో నాకిచ్చిన మెమోను వారి నోటితోనే చదివించాలి. "తీరని నష్టము" అన్నచోట కాస్త ఆగి చదవమనాలి.

(ఉ) కడిగే గదిలో నా పక్క తొట్టి ఖాళీగా ఉంది. ఈ విషయం తమ దృష్టికి తేవడమే తప్ప నేనేమీ సూచించడం లేదు.

ఇందులో పగ ఉందని తమకు తోచవచ్చు. ఉంది. దాన్ని న్యాయం అనే ముసుగు కప్పి పంపడం నాకు చేతకాలేదు. అయినా కాగితం మీది ప్రతి ముక్కా నిజం.

పై సంగతులన్నీ చిత్తగించి, నన్ను క్షమించకుండా కాపాడవలెను.

ఇట్లు,
నేరం ఒప్పుకున్న తమ విధేయురాలు,
సీసాలు కడిగే గది.

తా.క.: ఇదంతా కవరులో పెట్టబోతుండగా విభాగాధిపతి గారు స్వయంగా ఇక్కడికి వచ్చారు. మూడేళ్లలో ఇదే మొదలు. తడి నేల మీద జారకుండా గోడ పట్టుకుని నిలబడ్డారు. ఈ చిప్పు మీద అచ్చయ్యే వ్యాసంలో నా పేరు కూడా చేరుస్తానన్నారు. పాత గదికి రేపే వచ్చేయమన్నారు. నేను కడుగుతూనే విన్నాను.

"అసలు మీకేం కావాలమ్మా?" అన్నారు చివరికి.

"శిక్ష కావాలండీ. రాతపూర్వకంగా" అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. రిటైరయ్యేందుకు రెండేళ్లే ఉందన్నారు, ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదన్నారు. అన్నీ చెప్పారు గాని వెంట్రుక అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. నాకు జాలి కలుగుతుందేమో, ఈ అర్జీ చింపేస్తానేమోనని ఒక సీసా కడిగి ఆరబెట్టేంతసేపు నాకోసం నేనే ఎదురుచూశాను. కలగలేదండీ. విచారణ సోమవారమే పెట్టించండి.