అంగడి పిల్లి, వాన మట్టి

జూన్ 9

రాయకోటలో మా నాన్నది రాగుల మండీ. అక్కడ ఎలుకల శాఖకు మేనేజరు ఒక పిల్లి. ఎం.కామ్ పాసైన నేను అసిస్టెంటును. మేనేజరుకు సగం కడుపుకే తిండి పెట్టాలి. నిండా పెడితే వేటకు పోదని తాతగారి నాటి రూలు. మిగతా సగం అది అంగడి వెనకున్న మా ఇంటి పెరట్లో పిట్టలతో నింపుకుంటుంది. ఎలుకలు మాత్రం క్షేమం. ఈరోజు కీర్తిశేషులైనది ఒక తేనెపిట్ట. మేనేజరు దాని రెక్క ఒకటి మెట్టు మీద పెట్టి రిపోర్టు సమర్పించింది.

జూన్ 12

నమితక్క బెంగళూరు నుంచి వచ్చింది. నాలుగో నెల. రెండేళ్ల కిందట మొదటిది నిలవలేదు. అందుకని ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వడం లేదు. అందరినీ నవ్వించే నా రెండో ఉద్యోగం పోయినట్టే.

జూన్ 20

వాన పడింది. అక్కకు మట్టి తినాలనిపించింది. అవ్వకు పరమానందం, బిడ్డ గట్టిగా నిలిచే గుర్తట. మల్లెపొద కింద నుంచి ఎర్రమట్టి పెళ్ల తెచ్చింది. అవ్వ కాలంలో పెనం మీద వేయించి తినేవాళ్లట. వేయిస్తే వాన వాసన పోతుందని అక్క పచ్చిదే తింది. ఆ పొద కింద మేనేజరుగారి టాయిలెట్ అని చెప్పాను. అందరూ జోకనుకున్నారు. నేను జోకులాగే చెప్పాను మరి.

జూన్ 21

ఈరోజు కూడా తింది.

జూలై 14

అక్కకు జ్వరం. మెడ కింద గడ్డలు. హోసూరు డాక్టరమ్మ బ్లడ్ టెస్ట్ రాసింది.

జూలై 19

టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి అట. పిట్టల్లో, ఎలుకల్లో ఉంటుందట. వాటిని తిన్న పిల్లి దొడ్డికి పోయిన మట్టిలో నెలల తరబడి బతుకుతుందట. బిడ్డ మెదడుకో కళ్లకో తగలొచ్చు, తగలకపోవచ్చు. డాక్టరమ్మ మాత్రలిచ్చింది. ఇంట్లో పిల్లి ఉందా అని అడిగింది.

నాన్న చేతులు కట్టుకుని, "ఇంటిది కాదమ్మా, అంగడిది" అన్నాడు.

ఇంకో రోజైతే ఈ మాట చెప్పి నవ్విస్తూ నేను వారం బతికేవాణ్ణి.

జూలై 20

అవ్వ అన్నం ముట్టలేదు. "నా చేత్తోనే పెట్టినాను కదప్పా" అంటోంది, గోడతో.

జూలై 21

నాన్న మేనేజరును గోనెసంచిలో కట్టి నా బైకు మీద పెట్టాడు. పిల్లిని పంపితే అక్క ఒంట్లోది పోదని డాక్టరమ్మ చెప్పింది కదా అన్నాను. వినలేదు. జవళగిరి దాటాక అడవి అంచున సంచి మూతి విప్పాను. పొదల నిండా పిగిలిపిట్టలు కూస్తున్నాయి. మేనేజరు చెవులు నిక్కించి అటే నడిచింది. నా వైపు చూడలేదు. దానికిది ప్రమోషన్. పిట్టలకు మాత్రం ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

ఆగస్టు 23

స్కాన్. డాక్టరమ్మ బిడ్డ తల దగ్గర చాలాసేపు ఆగింది. అక్కను బయట కూర్చోమని, బెంగళూరు నుంచి వచ్చిన అక్క మొగుడు మహేంద్ర బావను, నన్ను ఉండమంది. తెర మీద బిడ్డ మెదడులో తెల్లటి చుక్కలు చూపించి, తగిలిందంది.

నేను ముందు బయటికి వచ్చాను.

"బాగుందన్నారు కదరా?" అంది అక్క.

"బాగుందన్నారక్కా."

బావ ఇంకా రాలేదు.