రుచి చూడ్డం తినడం కాదు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఖాళీ కడుపుతో ఆశీర్వదించి రాయునది. ఫోన్ చేస్తే అరుస్తావు, అందుకే ఉత్తరం. మీ ఆసుపత్రి మోకాళ్ళ డాక్టరు "బరువు తగ్గితేనే ఆపరేషన్" అని నన్ను నీకు అప్పజెప్పాడు. అన్న కూతురివి, కాస్త కనికరిస్తావనుకున్నాను. నువ్వేమో మూడు పూటలా భోజనం మాన్పించి పొడి పొట్లాలు పంపావు! ఫ్యాక్టరీ అంతటికీ వండిపెట్టే క్యాంటీన్ హెడ్ కుక్కుని, మూల నిలబడి పిండినీళ్ళు తాగుతున్నాను. వేరే మెతుకు ముట్టలేదు, మీ పిన్ని మీద ఒట్టు.

మోకాళ్ళు మాత్రం పొయ్యి దగ్గర నిలబడనివ్వటం లేదు. ఆపరేషన్ కాకపోతే గరిటె పక్కన పెట్టాల్సిందే. నాకు వంట తప్ప ఇంకేం వచ్చు?

ఇట్లు,
చిక్కి సగమైన బాబాయి

తా.క.: ఆ పొట్లం మీద చాక్లెట్ అని రాసినవాణ్ణి ఒకసారి నాకు చూపించు.

*

బాబాయికి,

కోపంతోనే నమస్కారాలు. మీ వీధి చివర క్లినిక్ నర్సు వారం వారం నీ బరువు, బీపీ చూసి నాకు పంపుతోంది. చిక్కి సగమవడం దేవుడెరుగు, కిలో పెరిగావు! పిన్ని జాలిపడి దొంగచాటుగా పెడుతోందా? నిజం చెప్పు.

ఇట్లు,
నీ డైట్ డాక్టరమ్మ

తా.క.: ఒట్టు వేసేముందు పిన్నిని అడిగావా?

*

అమ్మాయికి,

ఆశీస్సులు తర్వాత. నీ ఉత్తరం మీ పిన్ని చదివింది, కొంప మునిగింది. "నేను దొంగచాటుగా పెట్టానా? పెట్టడానికి మీరు ఇంట్లో ఎప్పుడున్నారు? చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు" అని, వంటింటికి తాళం వేసి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

తప్పంతా నర్సు తూకానిది. రుజువు చెయ్యడానికి క్యాంటీన్ నుంచి పిండి బస్తా క్లినిక్‌కి మోయించుకెళ్ళాను. బస్తా మీద ఎంత రాసుందో అంతే చూపించింది. బస్తా కూడా ఆ నర్సుతో కుమ్మక్కయినట్టుంది.

ఇట్లు,
దిక్కులేని బాబాయి

తా.క.: ఉంటాను, కూర మాడుతోంది. కొత్త నూనె వచ్చింది. నమ్మకం కుదరక ప్రతి గిన్నెనీ రెండేసిసార్లు రుచి చూడాల్సొస్తోంది.

*

బాబాయికి,

నీ తా.క. చదివి టీ ఒంటిమీద ఒలకబోసుకున్నాను. రుచి చూస్తున్నావా? ఎంత? చూసిన ప్రతిసారీ అంతే పక్కన ఇంకో గిన్నెలో వెయ్యి. సాయంత్రం దాని ముఖం చూసి నాకు రాయి.

ఇట్లు,
తల పట్టుకున్న అమ్మాయి

తా.క.: పిన్నిని క్షమించమని అడిగాను. నిన్ను క్షమించమని అడగలేదు.

*

అమ్మాయికి,

రుచి చూడ్డం తినడమెలా అవుతుందే? తినడమంటే కూర్చోవాలి, పళ్ళెముండాలి, "ఇంకాస్త వేసుకోండి" అని ఎవరైనా అనాలి. నిలబడి గరిటెతో చూసేది పని! నువ్వు చెప్పావు కదా అని గిన్నె పెట్టాను. మధ్యాహ్నానికి నిండింది. సాయంత్రానికి బకెట్ తెప్పించాను. సిగ్గేసిందే.

ఆ రోజే మానేశాను. ఇప్పుడు అంచనా మీద ఉప్పు వేస్తున్నాను. జనం పళ్ళాలు వదిలేసి మంచినీళ్ళ దగ్గర క్యూ కడుతున్నారు. ఇంకో వారం ఇలాగైతే వేరే వంటవాణ్ణి చూసుకుంటానన్నాడు మేనేజరు. రుచి చూస్తే మోకాళ్ళు పోతాయి, చూడకపోతే ఉద్యోగం పోతుంది. నాకు భయంగా ఉందమ్మా.

ఇట్లు,
బాబాయి

తా.క.: మేనేజరు ప్యాంటు జారిపోతోంది. నీ పొట్లాల కంటే నా వంటే బాగా పనిచేస్తున్నట్టుంది.

*

బాబాయికి,

భయపడకు. రుచి చూడ్డానికి నమ్మకమైన నోరు ఒకటి పంపుతున్నాను. ఎవరిదో చెప్పను. ఎదురు మాట్లాడకు.

ఇట్లు,
అమ్మాయి

*

చిరంజీవి బంగారుతల్లికి,

బాబాయి మనసారా దీవించి రాయునది. మీ పిన్ని సంచీతో సహా తిన్నగా క్యాంటీన్‌కే వచ్చింది. చెంచాడు నోట్లో వేసుకుని, "ఇన్నాళ్ళూ జనానికి ఇదా పెడుతున్నారు?" అంది. అప్పట్నుంచీ ఆవిడ చెప్పడం, నేను వెయ్యడం. పొద్దున్నే ఒకే బస్సులో వెళ్తున్నాం, ఒకే బస్సులో వస్తున్నాం. పెళ్ళయ్యాక ఇంతసేపు ఎప్పుడు మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు.

నీకు తెలిసిందే, బరువు బాగా దిగింది. మోకాళ్ళ డాక్టరు కూడా ఆపరేషన్ ఇప్పట్లో అక్కర్లేదన్నాడు. మెల్లగా భోజనంలోకి రమ్మని నువ్వు రాశావు. సంతోషమే. కానీ, తల్లీ, ఇంకొన్ని పొట్లాలు పంపవా? నేను మళ్ళీ రుచి చూడొచ్చని తెలిస్తే ఆవిడ ఇంట్లో ఉండిపోతుంది. ఆవిడ లేకపోతే నాకు ఆ వంటగదిలో తోచదు.

ఇట్లు,
నీ బాబాయి

తా.క.: చాక్లెట్‌వి అయినా ఫరవాలేదు.

*

బాబాయికి,

పొట్లాలు పంపను. గరిటె పిన్ని చేతిలోనే ఉండనీ, నువ్వు పళ్ళెం పెట్టుకుని కూర్చో.

ఇట్లు,
అమ్మాయి

తా.క.: నీ ఉత్తరంతో పాటే పిన్ని ఉత్తరం కూడా వచ్చింది. "మీ బాబాయి జన్మలో రుచి చూడకూడదని గట్టిగా రాయవే, నేనన్నానని మాత్రం చెప్పకు" అని. చెప్పేశాను.